మిగిలిన కరెంటు దాచాలంటే ముందు అడగాల్సింది: ఎన్ని గంటలకు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హన్మకొండలో ట్రిపుల్ ఈ చివరి ఏడాది, ఊరు పరకాల దగ్గర అని రాశావు. మధ్యాహ్నం సోలార్ ఎక్కువై బొగ్గు ప్లాంట్ల లోడ్ తగ్గిస్తున్నారు, అదే రోజు సాయంత్రం ఎక్స్ఛేంజ్‌లో (కరెంటు అమ్ముకునే, కొనుక్కునే మార్కెట్) యూనిట్ పది రూపాయలకు కొంటున్నారు, మధ్యాహ్నం మిగిలింది దాచుకోలేమా అన్నావు. భద్రకాళి చెరువు నీళ్లు పద్మాక్షి గుట్ట మీదికి ఎక్కించి రాత్రి వదిలితే కరెంటు రాదా, లేదా ఇళ్లలో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీలన్నీ కలిపితే చాలదా అని కూడా అడిగావు. మంచి ప్రశ్నలు. నేను 33 ఏళ్లు కరెంటు పనిలోనే ఉన్నాను, వరంగల్ చుట్టుపక్కల సబ్‌స్టేషన్లలో సగం, ఎక్కడ ఎంత కరెంటు తీయాలో చూసే లోడ్ డిస్పాచ్ షిఫ్టుల్లో కొంత, జల విద్యుత్ పవర్ హౌస్‌లో కొన్నేళ్లు. అక్కడ చేతికి తగిలిన విషయాలే రాస్తాను, కొంచెం పెద్దదే అవుతుంది.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. పేపర్లో "500 మెగావాట్ల బ్యాటరీ" అని వస్తే చాలామంది అది పెద్దదే అనుకుంటారు. మెగావాట్ అంటే నల్లా ఎంత లావు అన్నది మాత్రమే, ట్యాంకులో నీళ్లు ఎన్ని అన్నది వేరే లెక్క. ఒక మెగావాట్ గంటసేపు అంటే వెయ్యి యూనిట్లు, కాబట్టి 500 మెగావాట్ల బ్యాటరీ రెండు గంటలదైతే 10 లక్షల యూనిట్లు, నాలుగు గంటలదైతే 20 లక్షలు. ఎన్ని గంటలు అన్నది చెప్పకుండా ఎవరైనా నిల్వ గురించి మాట్లాడితే ఆ మాటకు అర్థం లేదు. రెండు గంటలకు దాచే పద్ధతి వేరు, పది గంటలకు వేరు, వానాకాలంలో వారం రోజులు ముసురు పడితే దానికి దాచడం పూర్తిగా వేరు. నీ ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు గుట్ట సంగతి. వెయ్యి లీటర్ల నీళ్లను వంద మీటర్లు ఎత్తితే అందులో దాగేది 0.27 యూనిట్, అంటే పావు యూనిట్ కన్నా కాస్త ఎక్కువ. మీ ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉందనుకో, నిండా ఉన్నప్పుడు అందులో ఉన్న శక్తి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బును మూడు గంటలు వెలిగిస్తుంది, అంతే. అదే నీ గదిలో ఉన్న 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో 1.8 యూనిట్లు పడతాయి, అంటే అలాంటి ట్యాంకులు 66 కావాలి. నీళ్లు బరువైనవే కానీ బరువును ఎత్తడంలో దాగే శక్తి మనం అనుకున్నంత ఉండదు. అందుకే అన్ని కోట్ల లీటర్లు, అంత ఎత్తు కావాలి.

గుట్ట మీద ఒక ఎకరం చోటు దొరికిందని, అయిదు మీటర్ల లోతు కొలను కట్టామని, కింది చెరువుకూ దానికీ 60 మీటర్ల తేడా ఉందని అనుకుందాం. రెండు కోట్ల లీటర్లు పడతాయి. అవి మొత్తం కిందికి వదిలితే టర్బైన్ నష్టాలు పోను 2,800 యూనిట్లు వస్తాయి. ఈ రోజు మార్కెట్లో దొరికే ఒక్క 20 అడుగుల కంటైనర్ బ్యాటరీ దాదాపు 5,000 యూనిట్లు దాస్తుంది. అంటే గుట్ట మొత్తం తవ్వి, పైపులు వేసి, పవర్ హౌస్ కట్టినా ఒక లారీ మీద వచ్చే డబ్బాలో సగం కొంచెం దాటుతుంది. పైగా అక్కడ అమ్మవారి గుడి, జైన శిల్పాలు ఉన్నాయి, ఆ రాయిని ముట్టుకోవడానికి నేనైతే ఒప్పుకోను. మన దగ్గర కథ ఎప్పుడూ ఇదే. పాకాలలో, లక్నవరంలో నీళ్లున్నాయి, పవర్ హౌస్‌కు చాలినంత ఎత్తు తేడా లేదు. గుట్టల మీద ఎత్తుంది, నీళ్లు పట్టే చోటు లేదు. రెండూ ఒకే చోట కలిస్తేనే పంప్డ్ స్టోరేజ్, అంటే నీళ్లు పైకెక్కించి దాచి కావాల్సినప్పుడు దించి కరెంటు తీయడం, అవుతుంది.

అవి కలిసిన చోట మాత్రం లెక్క ఒక్కసారిగా మారిపోతుంది. ఒక టీఎంసీ నీళ్లను వంద మీటర్లు దించితే సుమారు 70 లక్షల యూనిట్లు. చెల్పూరులో కాకతీయ థర్మల్ రెండో దశ 600 మెగావాట్ల యంత్రం ఫుల్ లోడ్‌లో పదకొండున్నర గంటలు నడిస్తే వచ్చేంత. రామగుండంలో నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ఎండ బాగున్న రోజు ఇచ్చేది సుమారు అయిదు లక్షల యూనిట్లు, అంటే దానికి రెండు వారాల పని.

మనకు ఇది కొత్త కాదు. నాగార్జునసాగర్ ప్రధాన పవర్ హౌస్ 815.6 మెగావాట్లు, ఎనిమిది యంత్రాల్లో ఏడు రివర్సిబుల్, అంటే అదే యంత్రం ఒకవైపు తిరిగితే టర్బైన్, రెండోవైపు తిరిగితే పంపు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ పవర్ హౌస్‌లో 150 మెగావాట్లవి ఆరు, అవీ అలాంటివే. కానీ సాగర్ యంత్రాలు 1978 నుంచి 1985 మధ్య పెట్టినా కింద నీళ్లు నిలిపే టెయిల్ పాండ్ లేక దశాబ్దాలపాటు పంపు మోడ్ ఉపయోగపడలేదు. టర్బైన్‌లోంచి దిగిన నీళ్లు కృష్ణలో వెళ్లిపోతే మళ్లీ ఎక్కించడానికి ఏముంటుంది? పై చెరువు గురించి అందరూ మాట్లాడతారు, కింది చెరువు గురించి ఎవరూ మాట్లాడరు. శ్రీశైలంలోనూ అంతే, సాగర్ నీళ్లు వెనక్కి అక్కడిదాకా నిలిచి ఉంటేనే పంపు తిరుగుతుంది.

పంపు మోడ్ స్టార్ట్ ఎలా ఉంటుందో చెప్తాను, నీకు పుస్తకంలో ఈ శబ్దం వినిపించదు. 150 మెగావాట్ల యంత్రాన్ని మీ బాయి మోటరులా స్విచ్ నొక్కి లేపలేం, అంత భారం ఒక్కసారి పడితే గ్రిడ్ కుంగిపోతుంది. అందుకని ముందు వాల్వ్, గైడ్ వేన్లు (నీళ్ల దారి తెరిచి మూసే రెక్కలు) మూసేసి, రన్నర్ (నీళ్లలో తిరిగే చక్రం) ఉన్న గదిలోకి కంప్రెసర్ గాలి కొట్టి నీళ్లను కిందికి నెడతారు. అప్పుడు రన్నర్ గాలిలో తిరుగుతుంది, భారం ఉండదు. దాన్ని మెల్లగా వేగం పెంచి, 50 హెర్ట్జ్‌కు తెచ్చి, గ్రిడ్‌తో కలుపుతారు. ఇంతవరకు నేల సన్నగా వణుకుతూ ఉంటుంది, ఈల లాంటి శబ్దం. తరువాత గాలి వదిలేస్తారు. నీళ్లు పైకి లేచి రన్నర్‌ను తాకగానే ఆ ఈల ఆగిపోయి బరువైన ఉరుము లాంటి మోత మొదలవుతుంది, కాళ్ల కింద ఇనుప జాలీ అదురుతుంది, మీటర్లో మెగావాట్ల ముల్లు మైనస్ వైపు పోతుంది. అప్పుడు గైడ్ వేన్లు తెరుస్తారు, నీళ్లు ఎక్కడం మొదలవుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను ఆ మీటర్ దగ్గర నుంచి కదల్లేదు, కరెంటు పుట్టించే చోట కరెంటు వెనక్కి పోవడం చూస్తే అలా ఉంటుంది. మొత్తం మీద 100 యూనిట్లు ఖర్చు పెట్టి నీళ్లెక్కిస్తే తిరిగి 75 నుంచి 80 వస్తాయి.

మన ఉత్తర తెలంగాణలో దీనికి నాకు ఆశ కలిగించే చోటు గుట్టలు కాదు, గోతులు. సింగరేణి బొగ్గు తీసి వదిలేసిన ఓపెన్‌కాస్ట్ గనులు. రామగుండం దగ్గర మేడిపల్లి ఓపెన్‌కాస్ట్‌లో 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ పెట్టాలని సింగరేణి ప్రతిపాదించింది. గొయ్యి ఇప్పటికే తవ్వి ఉంది, నీళ్లు ఊరి ఉన్నాయి, గట్టు మీద కొలను కడితే చాలు, హైటెన్షన్ లైన్లు పక్కనే ఉన్నాయి, ఊళ్లు మునగవు. కానీ అక్కడ చూడాల్సినవి వేరే ఉన్నాయి. రోజూ నీటిమట్టం ఎక్కుతూ దిగుతూ ఉంటే గని గోడలు నానీ ఎండీ జారతాయా, బొగ్గు మీద నుంచి తీసి పోసిన ఓవర్‌బర్డెన్ మట్టికుప్పలు నిలబడతాయా, బొగ్గు పొరల్లోంచి దిగిన నీటి ఆమ్లం పైపులను, రన్నర్‌ను తింటుందా, నీళ్లు పక్క గనుల్లోకి ఇంకిపోతాయా. ఇవి కరెంటు ఇంజినీర్లు తేల్చలేరు, గని తెలిసినవాళ్లు తేల్చాలి. నీకు ప్రాజెక్ట్ టాపిక్ కావాలంటే మైనింగ్ చదివే స్నేహితుడిని కలుపుకొని ఇది తీసుకో, భద్రకాళి చెరువు వదిలేయ్.

కాళేశ్వరం, దేవాదుల పంపులు ఉన్నాయి కదా, వాటినే వెనక్కి తిప్పలేమా అని కూడా చాలామంది అడుగుతారు. రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గర భూగర్భంలో ఒక్కోటి 139 మెగావాట్ల పంపులు ఏడు ఉన్నాయి, వంద మీటర్లకు పైగా ఎత్తుతాయి. చూడ్డానికి శ్రీశైలం లాగే ఉంటుంది. కానీ అవి పంపులే, పైగా ఎక్కిన నీళ్లు కాలువల్లో పొలాలకు పోతాయి, మళ్లీ అదే సొరంగంలో దిగి రావు. కాబట్టి అవి నిల్వ కాదు, లోడ్. అయితే వేళ మార్చుకోగల లోడ్. అది చిన్న మాట కాదు, కాసేపట్లో మళ్లీ దానికే వస్తాను.

ఇక బ్యాటరీలు. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ప్రతి పెద్ద సబ్‌స్టేషన్‌లో బ్యాటరీ గది చూశాను. రెండు వోల్టుల లెడ్ యాసిడ్ సెల్స్ 110, చెక్క స్టాండ్ల మీద వరసగా, మొత్తం 220 వోల్టుల డీసీ. లైన్ మీద ఫాల్ట్ వచ్చి కరెంటు మొత్తం పోయినా బ్రేకర్ (లైన్ తెంచే పెద్ద స్విచ్) ట్రిప్ కావడానికి ఆ బ్యాటరీయే బలం. ఒక సబ్‌స్టేషన్‌లో ఏసీ సప్లై పోయిన రాత్రే ఫీడర్ (ఊళ్లకు పోయే లైన్) మీద ఫాల్ట్ వచ్చింది, దాన్ని పసిగట్టే రిలే పని చేసింది, బ్రేకర్ మాత్రం కదల్లేదు, వెనక ఉన్న పెద్ద సబ్‌స్టేషన్ ట్రిప్ అయి రెండు మండలాలు చీకటైపోయాయి. తెల్లారి యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పట్టుకుని ఒక్కో సెల్ చూసుకుంటూ పోతే 67వ సెల్ చచ్చిపోయి ఉంది, ప్లేట్ల మీద తెల్లటి పొర. రోజూ పైలట్ సెల్ (నమూనాగా ఎంచుకున్న ఒక సెల్) రీడింగ్ ఒక్కటే రిజిస్టర్లో రాసేవాళ్లు, అది 1.200 చూపిస్తూనే ఉంది. సిరీస్‌లో ఒక్క సెల్ చస్తే మిగతా 109 ఉన్నా లేనట్టే. ఇప్పుడొచ్చే లిథియం బ్యాటరీ ప్లాంట్లలో సెల్స్ వేలు, లక్షలు. ప్రతి సెల్ వోల్టేజీని, వేడిని విడివిడిగా చూసే వ్యవస్థ ఎంత బాగుంది అన్నదే ఆ ప్లాంట్ ఆయుష్షు. టెండర్లలో ధర చూస్తారు, నేనైతే ముందు అది చూడమంటాను.

వేడి ఇంకో సంగతి. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీలు దాటుతుంది, బ్యాటరీకి అది పడదు, కూలింగ్‌కే కొంత కరెంటు పోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం మంటల విషయంలో మిగతావాటి కన్నా నయం, అలాగని భయం లేదనుకోకూడదు. 2025 జనవరిలో అమెరికాలో మాస్ ల్యాండింగ్ బ్యాటరీ ప్లాంట్ కాలింది, అక్కడ వేరే రసాయనం, పైగా అన్నీ ఒకే భవనంలో పెట్టారు. విడివిడి కంటైనర్లు, మధ్యలో ఖాళీ చోటు, ఇది తప్పకుండా ఉండాలి.

ధర సంగతి నువ్వే లెక్క వేసి చూడు. 2022లో మన దేశంలో జరిగిన మొదటి పెద్ద టెండర్లో రెండు గంటల బ్యాటరీకి నెలకు మెగావాట్‌కు 10.8 లక్షల రూపాయల అద్దె వచ్చింది. 2025 టెండర్లలో రెండు లక్షల చుట్టుపక్కలకు దిగింది, అంత తగ్గడంలో కేంద్రం ఇచ్చే సాయం పాత్ర కూడా ఉంది. ఒక మెగావాట్, రెండు గంటలు, రోజుకు ఒకసారి నింపి వాడితే నెలకు 60 వేల యూనిట్లు. పాత ధరకు దాచినందుకే యూనిట్‌కు 18 రూపాయలు, కొత్త ధరకు 3 రూపాయల 30 పైసలు. మధ్యాహ్నం కరెంటు రెండున్నరకు దొరికి, నూటికి 15 పోయిందనుకుంటే మొత్తం ఆరు రూపాయల చిల్లర. ఎక్స్ఛేంజ్‌లో గరిష్ఠ ధర పది దగ్గర కట్టేశారు, సాయంత్రాలు చాలాసార్లు అక్కడికే పోతుంది. కాబట్టి సాయంత్రం ఆరు నుంచి పది దాకా బ్యాటరీకి ఇప్పుడు గిట్టుబాటు ఉంది, దీన్ని వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను.

అదే బ్యాటరీని ముసురు పట్టిన రోజుల కోసం ఉంచి ఏడాదికి పదిసార్లే వాడితే? ఏడాది అద్దె 24 లక్షలు, వచ్చిన యూనిట్లు 20 వేలు, యూనిట్‌కు 120 రూపాయలు. యంత్రం అదే, ధర అదే, వాడే రోజులు తగ్గాయి అంతే. రోజూ వాడని నిల్వ ఎవరూ మోయలేరు.

వారాల నిల్వకు మన దగ్గర ఇప్పటికీ ఉన్నవి రెండే, డ్యాములో నీళ్లు, బొగ్గు కుప్ప. ఒక లారీలో 20 టన్నుల బొగ్గు ఉందనుకో. ఆ బరువును వంద మీటర్లు పైకెత్తి దాచితే అయిదున్నర యూనిట్లు. అదే బొగ్గును చెల్పూరులో కాలిస్తే, యూనిట్‌కు 700 గ్రాముల లెక్కన, 28 వేల యూనిట్లు. కరెంటు దాచడానికి కాంక్రీటు దిమ్మెలు ఎత్తి దించే వీడియోలు చూసి మురిసిపోయే ముందు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకో. బొగ్గును రేపే ఆపేయొచ్చు అనేవాళ్లకూ ఇదే నా జవాబు, పొగ మంచిదని కాదు, కుప్ప రూపంలో ఉన్న ఆ నిల్వకు సాటి వచ్చేది ఇంకా తయారు కాలేదు. హైడ్రోజన్ చేసి దాచి మళ్లీ కరెంటు చేస్తే 100కు 30, 40 కన్నా రాదు. గాలిని భూమిలో కుదించి దాచడం జర్మనీలో హంటార్ఫ్ దగ్గర 1978 నుంచి ఉంది, కానీ అక్కడ గాలి చొరబడని ఉప్పు గుహలు ఉన్నాయి. సింగరేణి పాత సొరంగాలు పగుళ్లతో ఉంటాయి, గాలి నిలవదు.

ఇన్వర్టర్లు. లక్ష ఇళ్లు కలిపితే 1.8 లక్షల యూనిట్లు, లెడ్ యాసిడ్‌ను సగం మించి దించకూడదు కాబట్టి 90 వేలు. చెల్పూరు 600 మెగావాట్ల యంత్రానికి అది తొమ్మిది నిమిషాల పని. రోజూ అలా దించితే ఆ బ్యాటరీ రెండు మూడేళ్లలో పోతుంది, కొన్నవాళ్ల డబ్బు పోతుంది. వద్దు. మరోటి, ఇంటి మీద సోలార్ పెట్టుకుని నెట్ మీటర్ (ఇచ్చిన, వాడిన యూనిట్లు లెక్కేసే మీటర్) ఉంది కాబట్టి పగటి కరెంటు గ్రిడ్‌లో దాచుకున్నాం అనుకుంటారు. ఏమీ దాగలేదు. నీ యూనిట్ అదే క్షణంలో పక్కింటి ఫ్యాన్‌లో అయిపోయింది. రాత్రి నీకొచ్చేది ఎక్కడో బొగ్గు కాల్చి చేసిన కొత్త యూనిట్. దాగింది లెక్కల పుస్తకంలో మాత్రమే.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది. మన రాష్ట్రంలో వ్యవసాయ పంపుసెట్లు 25 లక్షలకు పైగా ఉన్నాయి. అయిదు హెచ్‌పీ మోటరు అంటే 3.7 కిలోవాట్లు. పది లక్షల మోటర్లు రాత్రి కాకుండా మధ్యాహ్నం నడిస్తే కాగితం మీద 3,700 మెగావాట్లు వేళ మారుతుంది, సాగర్, శ్రీశైలం ఎడమగట్టు రెండూ కలిపినా 1,715 మెగావాట్లే. అందులో సగం జరిగినా ఎంత పెద్దదో చూడు. ఎందుకంటే రైతుకు కావాల్సింది కరెంటు కాదు, మడిలో నీళ్లు. యాసంగి వరికి నీళ్లు పగలు పెట్టినా రాత్రి పెట్టినా మడి పట్టుకుంటుంది. మడీ, బాయీ, చెరువూ రోజంతటి నిల్వ, వాటికి ఎవరూ టెండర్ పిలవక్కర్లేదు. కరెంటును దాచేకన్నా పనిని పగటికి జరిపితే నష్టమూ లేదు, బ్యాటరీ ఖర్చూ లేదు. దేవాదుల, కాళేశ్వరం మోటర్లకూ ఇదే వర్తిస్తుంది.

చెప్పినంత సులువు కాదు, అది కూడా చెప్పాలి. 2018 జనవరి 1 నుంచి 24 గంటల సప్లై వచ్చాక రాత్రిపూట టార్చి పట్టుకుని బాయి దగ్గరికి పోయే బాధ తగ్గింది. అంతకుముందు అర్ధరాత్రి విడతలో స్టార్టర్ నొక్కడానికి పోయి పాము కాటుకు, షాక్‌కు పోయినవాళ్లు నా సెక్షన్ పరిధిలోనే ఉన్నారు, వాళ్ల ఇళ్లకు నేను వెళ్లాను. అందుకే పగటి కరెంటు అనే మాట నాకు మెగావాట్ల లెక్క ఒక్కటే కాదు. అయితే ఊళ్లో మోటర్లన్నీ పదింటికే ఒకేసారి లేస్తే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు, దాని మీద అయిదు హెచ్‌పీవి నాలుగు దాటితేనే కష్టం. ఇన్నాళ్లూ సగం పగలు, సగం రాత్రి నడుస్తాయన్న ధైర్యంతో ఎక్కువ కనెక్షన్లు ఇచ్చాం. ఆటో స్టార్టర్లు ఉంటే ఇంకా ఘోరం, కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి లేచి ఫీడర్ ట్రిప్ అవుతుంది. కాబట్టి ఊరిని రెండు మూడు గుంపులుగా చేసి పగటిలోనే వంతులు పెట్టాలి, ట్రాన్స్‌ఫార్మర్లు పెంచాలి, కెపాసిటర్లు బిగించాలి, ఫీడర్ పక్కనే చిన్న సోలార్ పెడితే లైన్ మీద భారం కూడా తగ్గుతుంది. ఈ ఖర్చు బ్యాటరీ ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. పంప్డ్ స్టోరేజ్‌కు పట్టే ఆరేడేళ్లూ పట్టవు.

అందుకని నా వరస ఇది: మొదట మోటర్లను పగటికి జరపాలి, సాయంత్రం పూట రెండు నుంచి నాలుగు గంటల పాటు నడపడానికి బ్యాటరీలు, రాత్రంతా కావాలంటే సాగర్, శ్రీశైలం పంపు మోడ్ సరిగ్గా వాడుకుంటూ మేడిపల్లి లాంటి గోతులు, వారాలకు బొగ్గు కుప్ప.

నువ్వు పండక్కి ఊరికి పోయినప్పుడు మీ 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు వెళ్లు. టేబుల్ మీద లాగ్ షీట్ ఉంటుంది, ప్రతి ఫీడర్‌కూ గంట గంటకూ ఆంప్స్ రాసి ఉంటాయి. ఆపరేటర్ అన్నను మర్యాదగా అడిగి ఫిబ్రవరిలో ఒక రోజు, ఆగస్టులో ఒక రోజు, వ్యవసాయ ఫీడర్‌వీ ఊరి ఫీడర్‌వీ రాసుకురా. ఆ అంకెలు ఇక్కడ పెట్టు, మీ ఊరికి ఏ గంటకు ఎన్ని యూనిట్లు జరపొచ్చో, ఇంకా ఎన్ని దాచాలో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.